ఎలపటెద్దు కూత

ఆట నుంచి నాలుగేళ్ల నిషేధమని రాసిన ఉత్తరం వచ్చిన మధ్యాహ్నం నుంచీ యల్లమంద కూత అతని నోట్లోంచి రావడం లేదు. కొట్టంలో కట్టేసిన ఎలపటెద్దు నోట్లోంచి వస్తోంది.

కాడికి కుడివైపు నడిచే ఎద్దు అది. నెమరు ఆపి, మెడ కాస్త ముందుకు చాచి, "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అంటోంది. దమ్ము తెగడం లేదు. ప్రతి మూడో మాట దగ్గరా చిన్న బొంగురు. ఆ బొంగురు తనదేనని యల్లమందకు తెలుసు. పన్నెండేళ్లుగా కబడ్డీ లీగులో ఆ కూతతోనే ఆడుతున్నాడు.

అన్న గురవయ్య కుడితిలో తవుడు కలుపుతున్నాడు. అతనివి బండలాగుడు పందేల ఎడ్లు. పందేనికి వారం ముందు వాటికి సత్తువ మందు సూది వేస్తాడు. మాఘమాసంలో తమ్ముడు మోకాలు వాచి ఇంటికొస్తే, సీసా అడుగున మిగిలింది పారబొయ్యడం ఎందుకని, అతని తుంటికీ వేశాడు. మర్నాటికి వాపు తీసింది. మూడోవారం లీగువాళ్లు పరీక్షకు మూత్రం పట్టుకుపోయారు. అందులో ఆ మందు దొరికింది.

"రేపు విచారణలో ఆ ముక్క చెప్పన్నా. అదేం మందో నాకు తెలీదని చెబితే నాలుగు రెండవుద్దంట."

"చెబితే నా ఎడ్లని పందెంలో దిగనిస్తారంట్రా?"

యల్లమందకు ముప్పై. రెండేళ్లయితే ఇంకా ఆడగలడు. నాలుగైతే ఆడలేడు.

తెల్లవారేసరికి విచారణ గది కొట్టం పక్కకు వచ్చి నిలబడి ఉంది. లోపల నేలమీద సున్నంతో మధ్యగీత గీశారు. గీతకు ఇవతల అన్నదమ్ములిద్దరూ. అవతల బల్ల, బల్లమీద యల్లమంద మూత్రం ఉన్న రెండు సీసాలు, వెనక కళ్లద్దాల లీగు ఆఫీసరమ్మ. ఒక సీసా మూత తీసి ఉంది. మళ్లీ పరీక్షకని దాచిన రెండోదానికి లక్క ముద్ర ఉంది.

"ఇటొచ్చి నీ మాట చెప్పుకో," అంటుందామె యల్లమందతో.

"కూత లేకుండా గీత దాటితే అవుటే కదమ్మా."

"అవుటే." ఆమె ఆ సంగతి కాగితం మీద రాసుకుంటుంది.

ఎద్దు పలుపు తెంపుకుని లోపలికి వస్తుంది. కూత పెట్టి గీత దాటి, బల్లను మూతితో తాకి, అదే దమ్ములో తిరిగి వస్తుంది. ఆఫీసరమ్మ లేచి దాని ముక్కు దగ్గర చెవి పెడుతుంది.

"దమ్ము శుభ్రంగా ఉంది. నిషేధం ఒంటికే గాని దమ్ముకు కాదు. జట్టుకు ఏడో ఆటగాడు లేడు, ఇది ఆడొచ్చు." తర్వాత గురవయ్య వైపు తిరుగుతుంది. "ఇతనికి మందు వేసిందెవరు?"

గురవయ్య ముందు ఎద్దు వంక చూస్తాడు. తర్వాత తమ్ముడి వంక చూస్తాడు. భుజం మీది తుండుగుడ్డ తీసి దులిపి, మళ్లీ భుజాన వేసుకుంటాడు.

"నాకు తెలవదమ్మా. ఆడేం పసిపిల్లోడా."

"ఎవరి ఒంట్లో దొరికితే వాళ్లదే పూచీ," అని ఆమె కాగితం మడుస్తుంది.

జట్టు బస్సు వస్తుంది. ఎద్దు యల్లమంద చొక్కా తొడుక్కుని కిటికీ పక్కన కూర్చుంటుంది. చొక్కా దానికి సరిగ్గా సరిపోయింది. బస్సు మలుపు తిరిగినా కూత వినిపిస్తూనే ఉంది.

ఆదివారం పందెం. కాడికి కుడివైపు ఖాళీగా ఉంది. గురవయ్య కాడి ఎత్తి పట్టుకుని నిలబడతాడు. యల్లమంద మెడ వంచుతాడు. ఎడమవైపు ఉన్న దాపటెద్దు కొంచెం పక్కకు జరిగి చోటిస్తుంది.

"నాలుగేళ్లేగా," అంటాడు గురవయ్య తమ్ముడి మెడకు పట్టెడ బిగిస్తూ. "ఎడ్లకు పరీక్షలు లేవులే."

జనం ఈల వేస్తారు. బండ కదులుతుంది. యల్లమందకు మూరెడు దూరంలో నేలమీద తెల్లటి మధ్యగీత కనబడుతుంది. అతను ఒక అడుగు వేస్తే అదీ ఒక అడుగు ముందుకు జరుగుతుంది. కొరడా పడుతుంది, ఇంకో అడుగు వేస్తాడు. గీత ఇంకా మూరెడు దూరంలోనే ఉంది.

మెడ తిప్పి వెనక్కి చూస్తాడు. బండమీద విచారణ గదిలోని ఆ రెండో సీసా నిలబెట్టి ఉంది. లక్క పగల్లేదు. లోపల బొటనవేలంత యల్లమంద బోర్లా పడి, సీసా అడుగున ఉన్న మధ్యగీతకేసి చెయ్యి చాచి ఉన్నాడు. కూత పెడుతున్నట్టు నోరు ఆడుతోంది. చప్పుడు బయటికి రావడం లేదు. అతని ఊపిరి గాజుకు లోపలివైపు పొగమంచులా పడుతోంది. ముందు గీత మసకబారుతుంది, తర్వాత చెయ్యి.