మొగులమ్మ సొరబుర్ర

నేను ఒక ఎండిన సొరబుర్రను. మొగులమ్మ దడి మీద కాసి, తీగకే ముదిరి, ఆమె వంటింటి పొగలో పదకొండేళ్లు వేలాడినదాన్ని. నా పొట్టలో కోడికన్ను రకం జొన్న విత్తనం, బూడిద, వేపాకు. మూతికి పేడమట్టి. ఒక్క పురుగు తొంగిచూస్తే ఒట్టు.

విత్తనాల మీద పీహెచ్‌డీ చేస్తున్నానంటూ సునంద అనే పిల్ల వచ్చింది. మా ఊళ్లో విత్తనం తీసుకున్నవాళ్లు పంట చేతికొచ్చాక రెట్టింపు తిరిగిస్తారు. కాగితం ఉండదు, మాటే. సునంద కూడా మాటిచ్చింది. ఆ యేటికి చల్లుకోగా మిగిలినదంతా నాతో సహా ఆమె చేతిలో పెట్టింది మొగులమ్మ. పంటొస్తే కొత్త బుర్ర నింపుకోవచ్చని ధీమా.

యూనివర్సిటీలో నన్ను బోర్లించి దులిపారు. బూడిద, వేపాకు చెత్తబుట్టలోకి పోయాయి. గింజలు వెండిరంగు పొట్లాల్లో చలిగదికెళ్లాయి. మొగులమ్మ పేరు ఎక్కడా రాయలేదు, 'స్థానిక సేకరణ' అన్నారు. అంటే ఎవరిదీ కాదని. నన్ను అద్దాల బీరువాలో కూర్చోబెట్టి 'విత్తన సంరక్షణ: ప్రాచీన పద్ధతి' అని చీటీ పెట్టారు. నిన్నటిదాకా పనిచేసినదాన్ని, ప్రాచీనమట.

ఆ యేడు ముసురుకు మొగులమ్మ చేలో జొన్న వెన్ను మీదే మొలకెత్తింది. విత్తనానికి గింజ మిగల్లేదు. మళ్లీ మృగశిర వానలు పడగానే మొగులమ్మ రెండు బస్సులు మారి వచ్చి, దోసెడిస్తే చాలంది. సునంద పరిశోధనకు గైడైన సారు కుర్చీలోంచి కదల్లేదు. దరఖాస్తు పెట్టాలి, కమిటీ కూర్చోవాలి, మూడు నెలలు పడుతుందన్నాడు. అవిప్పుడు దేశ సంపదని కూడా అన్నాడు.

"మూడు నెల్లు నేల ఆగుతదా సారూ? నా ఇంట్ల ఉంటే నా గింజలు, మీ ఇంట్లకొస్తే దేశానియా?"

సారు ఫోను చూసుకున్నాడు. సునంద నేల చూసింది. చలిగది తాళం సారు దగ్గరుంది, సరే. ఆ పిల్ల నోటికి తాళం ఎవరు వేశారు? నాకు ఒళ్లు మండింది.

మొగులమ్మ బీరువా ముందు ఆగి నన్ను చూసింది. "దులిపిన్రు గని పగలగొట్టలే. లోపలి పీచు గింజల్ని పట్టుకుంటది బిడ్డా. బుర్రను ఉత్తది కానియ్యం మేం."

సునంద బీరువా తెరిచింది. సారు వద్దంటుండగానే నన్ను నేలకేసి కొట్టింది. నొప్పి తెలియలేదు, ఆ చప్పుడు కోసమే ఏడాదిగా కాచుకున్నాను. పీచులోంచి, దానికి అంటుకుని మిగిలిన బూడిదలోంచి పిడికెడు గింజలు రాలాయి. మొగులమ్మ ఒక్కొక్కటీ ఏరి కొంగున ముడేసుకుంది.

"ఇంకా బుర్రెడు నీ మీదున్నయి బిడ్డా. రెట్టింపు."

సునంద తలూపింది. సాయంత్రానికి ఆమెకు మెమో వచ్చింది, ప్రాచీన వస్తువును ధ్వంసం చేసినందుకు. నా పెంకులను చీపురుతో ఊడ్చేశారు. బీరువాలో చీటీ మాత్రం భద్రంగా ఉంది.