దొడ్లోకి వచ్చిన కెమెరా

"మనింటి ఆడవాళ్లు వీధరుగు మీద కూర్చుని ఫొటో దిగుతారా?" అన్నాడు బుచ్చిరాజు, అన్నంలో పప్పు కలుపుకుంటూ. భార్య వాణి మజ్జిగ గిన్నె అందించింది.

రొయ్యల చెరువులు పోయాక ఆ ఇంటికి తెల్ల రేషన్ కార్డు వచ్చింది, వాణికి మండలంలో కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. ఆ రెండింటి గురించీ ఇంట్లో ఎవరూ మాట్లాడరు. పొద్దున్నే వంట చేసి, అత్తగారు వీరాయమ్మకు కాఫీ ఇచ్చి, కూతురు కీర్తికి జడ వేసి ఆమె రాజోలు బస్సెక్కుతుంది. సాయంత్రం వచ్చి అంట్లు తోముతుంది. 2008 వేసవిలో ఆమె పని తెల్లకార్డు కుటుంబాలను ఆరోగ్య బీమాలో చేర్పించడం. ఇంట్లో ఒక్కొక్కరికీ ఫొటో తీసి, వేలిముద్ర తీసుకోవాలి. ఫొటో లేని మనిషికి ఉచితంగా ఆపరేషన్ చేయరు.

రాజుల వీధుల్లో అరుగు మీద కెమెరా పెడితే మగవాళ్లే వచ్చేవారు. "ఆడవాళ్లు బయటికి రారండి, పేర్లు రాసుకోండి" అనేవారు. కెమెరా దగ్గర కూర్చునే జాయ్, "ఘోషా ఇళ్లు కదండీ, మనమేం చేస్తాం" అనేది. వాణిదీ అలాంటి ఇల్లే. ఆడవాళ్లు వీధిలోకి రారు గాని, వంటపని అయ్యాక దొడ్డిదారిన ఇల్లిల్లూ తిరుగుతారు. కెమెరాను అరుగుల మీద నుంచి దొడ్లలోకి మార్చమని, పొద్దున కాక మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టమని ఆమె సూపర్‌వైజరుకు చెప్పింది. "ఆయ్, చూద్దామండి" అన్నాడాయన. కొబ్బరిచెట్ల మధ్య తెల్లగుడ్డ కట్టారు. ఆడవాళ్లు కొంగులు సర్దుకుంటూ వచ్చారు. "పెళ్లిలోనే తల ఎత్తలేదండి, ఇప్పుడెత్తమంటారా!" అందొక ముసలామె. మీటింగులో ఆ పద్ధతి తనదేనని సూపర్‌వైజరు చెప్పుకున్నాడు. వాణి అందరికీ టీ అందించింది.

వీరాయమ్మ రొమ్ములో గడ్డ ఉన్న సంగతి వాణికి ఒక్కదానికే తెలుసు. స్నానానికి నీళ్లు తోడుతున్నప్పుడు చూసింది. "అబ్బాయికి చెప్పకు అమ్మడూ, సిగ్గు" అని అత్తగారు ఒట్టు వేయించుకుంది. కార్డు చేతికొస్తే, గుడికని చెప్పి కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్లవచ్చు, ఎవరి ముందూ చెయ్యి చాపక్కర్లేదు అనుకుంది వాణి. కెమెరా తమ దొడ్లోకి వచ్చిన రోజు వీరాయమ్మ ఉతికిన చీర కట్టుకుని పీట మీద కూర్చుంది. "ఇలా చూడండి మామ్మగారూ" అంది జాయ్. వీధిగదిలో బుచ్చిరాజు దగ్గాడు. ఊరంతటా మగవాళ్ల ప్రమేయం లేకుండా పని జరిపించిన వాణి ఆ దగ్గు వినగానే కెమెరాకి అడ్డొచ్చి నిలబడింది. "ఉండండి అత్తయ్యగారూ, మీ అబ్బాయిగారినొక మాట అడిగి రేపు తీయిద్దాం" అంది. వీరాయమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది. సాయంత్రం అడిగితే, "తెల్లకార్డు రాజులమని ఊరందరికీ చాటాలా?" అన్నాడు బుచ్చిరాజు. మర్నాడు కెమెరా అప్పనపల్లి వెళ్లిపోయింది. తర్వాత నమోదు ముగిసింది.

వానాకాలంలో గడ్డ పుండయింది. అప్పుడు బుచ్చిరాజే కాకినాడ తీసుకెళ్లాడు. "వేసవిలో తెచ్చుంటే ఆపరేషన్ చేసేవాళ్లమండి" అన్నాడు డాక్టరు. "ఇంత జబ్బు నాకెందుకు చెప్పలేదు?" అని బుచ్చిరాజు వరండాలో భార్య మీద అరిచి, మందులకు వెళ్లాడు. వీరాయమ్మ మంచం మీద నుంచి కోడలి చెయ్యి పట్టుకుంది.

"అమ్మడూ, ఈ జబ్బు అబ్బాయినడక్కుండానే దాచేవు కదా. ఫొటోకి మాత్రం ఎందుకడిగేవే?"

ఆ మాటలో కోపం లేదు. తెలుసుకుందామనే అడిగింది. దీపావళికి ముందు వీరాయమ్మ పోయింది. అడగడం తనకు ఎప్పుడు అలవాటయిందో, ఎవరు నేర్పారో వాణి చాలా రోజులు ఆలోచించింది. ఎవరూ ప్రత్యేకంగా నేర్పినట్టు గుర్తులేదు.

మరుసటి వేసవిలో మళ్లీ నమోదు మొదలైంది. ఈసారి వాణి తమ దొడ్డితోనే మొదలుపెట్టించింది. కీర్తిని కూర్చోబెట్టింది, తర్వాత తాను కూర్చుంది.

"మీ సారుని కూడా పిలుద్దామా మేడమ్?" అంది జాయ్.

"ముందు మాది తియ్యి."

సాయంత్రం బుచ్చిరాజు బజారు నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్నాడు.

"కెమెరా రేపటిదాకా ఊళ్లోనే ఉంటుంది" అంది వాణి. "మాది అయిపోయింది. మీ ఇష్టం."