రెడ్డెమ్మ అకామా

నేను ఒక అకామా కార్డును. గల్ఫ్‌కు పనికోసం వచ్చిన మనిషి ఇక్కడ ఉండవచ్చునని చెప్పే చిన్న ప్లాస్టిక్ ముక్కను. ఒక ఆఫీసులో మిషన్‌లోంచి వెచ్చగా బయటపడ్డాను. రాయచోటి పక్క పల్లె నుంచి వచ్చిన రెడ్డెమ్మ ఫొటో నా మీద ఉంది. నవ్వకూడదని గద్దించి తీశారు కాబోలు, అందులో ఆమె ఎవరిమీదో కోపంగా ఉన్నట్టుంటుంది. నిజానికి ఆమెకు కోపం తక్కువ.

రెడ్డెమ్మ ఒక షేకు ఇంట్లో వంట చేసేది. నన్ను జాకెట్ లోపల దాచుకునేది. కిందటేడు ఆమెకు కడుపునొప్పి వస్తే, ముందు నన్ను చూశాకే పెద్దాసుపత్రిలో మంచం ఇచ్చి అపెండిక్స్ తీసేశారు. మనిషికన్నా నాకే ఎక్కువ మర్యాద జరిగిందని ఆ రోజు కొంచెం గర్వపడ్డాను కూడా.

సెలవు రోజుల్లో, తన ఊళ్ల వైపు ఆడవాళ్లు కలిసి అద్దెకు తీసుకున్న గదికి ఆమె వెళ్లేది. పెళ్లికి వెళ్లేటప్పుడు పక్కింటివాళ్ల గొలుసు అడిగి వేసుకున్నట్టే, ఆ గదిలో కార్డులు అడిగి తీసుకుపోయేవాళ్లు. ఫోను సిమ్ముకు ఒకరు, బస్సులో తనిఖీ ఉందంటే ఇంకొకరు. ఒళ్లంతా కప్పే నల్లటి అబాయా, తలగుడ్డ ఉంటే చాలు, కౌంటర్ల దగ్గర ఎవరూ ముఖం పట్టి చూసేవాళ్లు కాదు.

ఆ గదిలోనే సుబ్బరత్న ఉండేది. యజమాని కొడుతుంటే తట్టుకోలేక ఆ ఇల్లు వదిలి వచ్చేసింది. ఆయన పారిపోయిందని కేసు పెట్టాడు. దాంతో ఆమెకు కాగితాలు లేకుండా పోయాయి. అలాంటివాళ్లను ఇక్కడ ఖల్లివల్లి అంటారు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం సుబ్బరత్న కడుపు పట్టుకుని నేలమీద ముడుచుకుపోయింది.

"ఆస్పత్రికి పోదాం పామ్మే" అంది రెడ్డెమ్మ.

"నేను రానక్కా. కార్డు అడుగుతారు. లేదంటే పోలీసుల్ని పిలుస్తారు. సచ్చినా ఈడనే సస్తా."

"నువ్వు సస్తే మోసేదానికి నా నడుము బాగలేదు గానీ, లెయ్!" అంటూ రెడ్డెమ్మ నన్ను తీసి ఆమె చేతిలో పెట్టింది. ఆ చెయ్యి కాలిపోతోంది.

అదే పెద్దాసుపత్రి కౌంటరులో నన్ను మిషన్‌కు ఆనించి లోపలికి పంపారు. సుబ్బరత్న సిగ్గుతో బట్ట తొలగించనివ్వలేదు. డాక్టరు పైనుంచే కుడిపక్క నొక్కితే కేక పెట్టింది. ఆయన కంప్యూటరు చూసి, తల అడ్డంగా ఊపి, ఒక సూది వేయించి పక్కన పడుకోబెట్టమన్నాడు.

సాయంత్రానికి ఆమె మూలగడం కూడా మానేసింది. రెడ్డెమ్మకు భయం వేసింది. భీమవరం నుంచి వచ్చిన నర్సు ప్రమీలను పట్టుకుంది.

"ఏంది పాపా, డాక్టరు ఏమన్న్యాడు?"

"గ్యాసేమో అంటున్నారండీ. నొప్పి అపెండిక్స్ లాగే ఉందంట గానీ, ఈవిడకి కిందటేడే తీసేశారు కదా. కంప్యూటర్లో ఉంది."

నేను ప్రమీల చేతిలోంచి రెడ్డెమ్మనే చూస్తున్నాను. నిజం చెబితే సుబ్బరత్నను పట్టుకుపోతారు. కార్డు ఇచ్చినందుకు తననూ దేశంలో ఉండనివ్వరు. చెప్పకపోతే ఆ మంచం మీద పిల్ల బతకదు.

రెడ్డెమ్మ అబాయా పక్కకు లాగి, తన కడుపుమీది కోత మచ్చ చూపించింది.

"తీసింది నాకమ్మా, దానికి కాదు. ఆ కార్డు నాది. బిన్నా పోయి చెప్పు తల్లీ!"

"అయ్యబాబోయ్, ఎంత పని చేశారండీ! నా ఉద్యోగం కూడా పోద్ది" అంటూనే ప్రమీల పరుగెత్తింది.

నా పేరు నమ్మినంతసేపూ కోయలేదు. నేను అబద్ధమని తేలాకే కోశారు. ఇక ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పేసరికి, ఆసుపత్రి వాళ్లు పిలిచిన పోలీసు వచ్చి నన్ను జేబులో వేసుకున్నాడు. రెడ్డెమ్మ నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. బయటికి తీసుకుపోతుంటే తల వెనక్కి తిప్పి, "ప్రమీలమ్మా, లేస్తానే దప్పికంటాది. నీళ్లు ఇయ్యకూడదంటే తడిగుడ్డన్నా పెదాలకు అద్దు" అని అరుస్తూనే ఉంది.

ఇప్పుడు నేను స్టేషన్ సొరుగులో ఇంకా కొన్ని కార్డుల కింద ఉన్నాను. రెడ్డెమ్మను ఊరికి పంపించేశారని మాత్రం విన్నాను. సుబ్బరత్నకు కుట్లు విప్పాక విమానం ఎక్కించారో, అంతకుముందే ఎక్కించారో ఇక్కడ ఎవరూ మాట్లాడుకోరు.