అక్క అంకెలు

ఇంజనీరు హరిప్రసాద్ సారూ, నిసార్ చెయ్యి తిన్నది మీరు. మీరూ, మీ వెనకున్న మేనేజరూ.

గగన్‌పహాడ్‌ల మా షెడ్డుల రెండు ప్రెస్సులున్నయి. ఒకటే మోడల్, ఒకటే రంగు. మేం అక్కాచెల్లెళ్లంటం. రేకు వంచినంక పై పలక మీదికి లేస్తది. పూర్తిగ లేస్తే పక్కన కొండి పడ్తది, ఇగ కిందికి జారదు. ఆ జాగను మేం ఇల్లు అంటం. పలక ఇంటికొచ్చిందని తెర మీద పచ్చలైటు వెలిగితే చెయ్యి పెట్టి రేకు తీస్తం.

పలక ఎంత ఎత్తుల ఉందో చెప్పే సెన్సారు చెల్లెకు చెడిపోయింది. కొత్తది బిగించిన్రు. ఏ సెన్సారు లెక్క దానిదే. పలకను అడుగుకు దించి, ఇది సున్న అని చెప్పాలె. మీదికి లేపి, టేపు పట్టి, ఇది ఇల్లు అని చెప్పాలె. గట్ల వచ్చిన అంకెలే మిషన్‌కు కండ్లు. అందుకు సగం షిఫ్టు పోతది. మేనేజరు ఆపొద్దన్నడు. మీరు అక్క అంకెలు తెచ్చి చెల్లెకు కొట్టిన్రు.

"ఏంది సారూ, అక్క కండ్లద్దాలు చెల్లెకు పెడ్తున్నరు?" అన్నడు నిసార్. అందరం నవ్వినం. మీరు గూడ నవ్విన్రు.

జరసేపటికి నిసారే మళ్ల పిలిచిండు. "సారూ, పలక కిందనే ఆగుతున్నట్టుంది. కొండి చప్పుడు వస్తలేదు."

"స్క్రీన్ చూడవయ్యా. నీ చెవులకన్న అదే కరెక్టు."

స్క్రీన్ చూసిండు. పచ్చగనే ఉంది. పలక ఇంటికి రాలె, కొండి పడలె. నిసార్ చెయ్యి పెట్టిండు.

నేను దవాఖానకు పోయిన. నిసార్ భార్య సలేహా అన్నం ముద్ద చేసి ఇయ్యబోయింది. వాడు లేని చేత్తోని అందుకోబోయి ఆగిండు. గోడ దిక్కు తిరిగిండు.

"మొగులన్నా, నేనే తొందరపడ్డనా?"

"లేదురా."

"రిపోర్టుల నా అజాగ్రత్త అని రాసిన్రట. అంత సదువుకున్నోళ్లు ఉట్టిగనే రాస్తరా?"

సలేహా ముద్దను మళ్ల గిన్నెల పెట్టింది. "రోజూ గిదే అడుగుతడు అన్నా. నేను చెప్తే నమ్మడు," అన్నది. నేను చెప్పినా నమ్మలె.

సోమవారం చెల్లెను మళ్ల నడుపుతరట. నిసార్ జాగల ప్రేమలత నిలబడాలెనట. అంకెలు మార్చిన్రా? లేదు. మారిస్తే తప్పు మీదని ఒప్పుకున్నట్టయితదని భయం. గా భయానికి ఇంకో చెయ్యి కావాల్నా?

మిషన్ ఆపుండ్రి. పలకను దించుండ్రి, లేపుండ్రి, టేపు పట్టుండ్రి. చెల్లె అంకెలు చెల్లెకు పెట్టుండ్రి. కొండి పడ్డ చప్పుడు మేమందరం వినాలె. తర్వాత అజాగ్రత్త ఎవరిదో రిపోర్టుల తిరగరాసి, దవాఖానకు పోయి, నిసార్ మొఖం చూసుకుంట చదువుండ్రి. మా మాట నమ్ముతలేడు, మీ నోటితోని వింటే నమ్ముతడు.

గందాక ప్రేమలత ఆ మిషన్ ముట్టదు. మేమెవ్వరం ముట్టం.