కోరస్‌లో ఆరో గొంతు

రుచిత అనే అమ్మాయి ఫోన్ చేసి, "మా అమ్మ అమలమ్మగారండీ, ఒకప్పుడు మీ కంపెనీలో డిస్కో పాట పాడారంట" అంది. ఆ పాట ఇప్పుడు ఈ భూమ్మీద లేదు. చెరిపేసింది నేనే.

"పోయినేడు అమ్మకి గొంతు ఆపరేషనైందండీ. మాట పూర్తిగా పోయింది. నేను పుట్టేసరికే పాడటం మానేసింది, అమ్మ పాడగా నేనెప్పుడూ వినలేదు. ఆదివారం తీసుకొస్తాను, ఆ పాట వినిపిస్తారా అండీ?"

లేదని చెప్పడానికి ఒక్క ముక్క చాలు. నేను "రండమ్మా" అన్నాను. డెబ్బై మూడేళ్లొచ్చినా పిరికితనం మాత్రం నన్ను వదల్లేదు.

గవర్నర్‌పేటలో మేడ మీద రెండు గదుల్లో చెమ్కీ ఆడియో అని క్యాసెట్ల కంపెనీ పెట్టినప్పుడు నాకు ముప్పై. హనుమాన్ జంక్షన్‌లో ఆగిన ప్రతి లారీలోనూ మా డిస్కో క్యాసెట్టే మోగేది. కంకిపాడు పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండువాళ్లు మా పాటలకే ఊగేవారు. అందరూ నన్ను చూసి తిరుపతిరావు పట్టిందల్లా బంగారం అన్నారు, నేనూ నమ్మాను. ఆ ఊపులోనే గుణదల చర్చిలో పాడే అమలమ్మ చేత ఒక పాట పాడించాను. అది బయటికి వచ్చేలోపే డిస్కో చప్పబడిపోయింది. కార్తీకం ముంచుకొస్తోంది, షాపులవాళ్లంతా అయ్యప్ప పాటలు కావాలంటున్నారు, మద్రాసు నుంచి రావలసిన కొత్త టేపు రాలేదు. విడుదల కాని పాటే కదా అని అమలమ్మ పాట ఉన్న టేపు స్పూలు మీదే అయ్యప్ప పాట రికార్డు చేసేశాను. ఆమెకు చెప్పలేదు. రెండేళ్లకు దొంగ క్యాసెట్లు కంపెనీనే మింగేశాయి. ఇక చెప్పాల్సిన అవసరం తప్పిందని సంతోషించిన వెధవను నేను.

ఆదివారం దాకా సాకులు వెతికాను. స్పూలు బుడమేరు వరదలో పోయిందని చెబుదామనుకున్నాను. మేడ మీదికి ఏ వరదొచ్చిందని అడిగితే? మెషిన్ పాడైపోయిందందామని స్విచ్ వేసి చూశాను. ఇన్నేళ్లు దుమ్ములో పడున్న మెషిన్ శుభ్రంగా తిరిగింది. నా ఖర్మ.

అమలమ్మ మెడకు స్కార్ఫు చుట్టుకుని, చేతిలో పిల్లల పలకతో వచ్చింది. మెట్లెక్కిన ఆయాసం ఆపరేషన్లో మెడకు పెట్టిన రంధ్రంలోంచి వినిపిస్తుంటే నేను తలెత్తలేకపోయాను. స్పూలు డబ్బా మీద తల్లి పేరు చూసి రుచిత మొహం వెలిగిపోయింది.

"పెట్టండి అంకుల్."

నేను డబ్బా తెరవలేదు. "అమ్మా, ఆ పాట ఇందులో లేదు. నేనే చెరిపి అయ్యప్ప పాట ఎక్కించాను."

రుచిత డబ్బా మీది తల్లి పేరునే చూస్తూ ఉండిపోయింది. తిట్టినా బాగుండేది. అమలమ్మ మాత్రం పలక మీద నిదానంగా రాసింది. 'తెలుసు. ఆ రోజు కోరస్‌లో నేనూ ఉన్నా. డబ్బా మీద నా పేరు చూశా.' కింద ఇంకో మాట రాసింది. 'పెట్టండి.'

"అయితే అమ్మ గొంతు ఇందులో ఉన్నట్టేగా అంకుల్" అంది రుచిత, కళ్లు తుడుచుకుంటూ.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. కోరస్‌కు ఆరుగురు ఆడవాళ్లు, ఒకటే మైకు. అమలమ్మ గొంతు అందరినీ మించి పైకి తేలుతోందని ఆమెను ఒకడుగు వెనక్కి జరగమన్నాను. ఇంకో అడుగన్నాను. చివరికి తలుపు దగ్గర నిలబెట్టాను. హెడ్‌ఫోన్లో ఐదు గొంతులే వినపడ్డాక "ఇప్పుడు బాగుంది" అన్నాను. అంటే ఆమెను ఆ టేపులోంచి రెండుసార్లు చెరిపేశాను.

టేపు ఎక్కించాను. తెగిపోతే బాగుండునని మనసులో మొక్కుకున్నాను. తెగలేదు. మృదంగం మొదలైంది, మగగొంతు అయ్యాక కోరస్ వచ్చింది. రుచిత స్పీకరుకు చెవి ఆనించింది.

"ఇందులో అమ్మ ఏదండీ?"

నిజం చెబితే ఈ పిల్లకు తల్లి పాట ఇక లేనట్టే. టేపు ఆపేద్దామని చెయ్యి చాపాను. ఈలోగా కోరస్‌లో ఒక గొంతు సన్నగా పైకి లేచింది. అమలమ్మ చెయ్యెత్తి తన గుండె మీద పెట్టుకుంది.

"ఇదా అమ్మా? ఎంత బాగుందే" అని రుచిత ఏడ్చేసింది. మళ్లీ పెట్టమని, ఫోన్ స్పీకరు దగ్గర పెట్టి రికార్డు చేసుకుంటూ దానిమీదికి వంగిపోయింది.

అది ఆ ఆరుగురిలో ఒకరైన శౌరమ్మ గొంతు. నాకు తెలుసు. అమలమ్మ భ్రమపడిందేమోనని జాలేసింది. ఇంతలో ఆమె కూతురికి కనపడకుండా పలక నా వైపు తిప్పింది.

'శౌరమ్మది. చెప్పకండి.'

నేను చదివానో లేదో, కొంగుతో తుడిచేసింది. రుచిత తలెత్తి నా వైపు చూసింది.

"అంకుల్, మీరు రికార్డు చేశారు కదా. అమ్మ గొంతు ఇదేగా?"

అమలమ్మ కళ్లు నా మీదే ఉన్నాయి.

"ఇదేనమ్మా" అన్నాను.