మొగాలు కావాల

"మొగాలు కావాల. రేపు పొద్దున బడికాడికి రండి. మొగానికొక స్టీలు గ్లాసు."

నిరుడు ఆటో నెత్తిన మైకు కట్టుకొని ఆళ్లగడ్డ వీధుల్లో నేను అరిచిన మాటలివి. నంద్యాల ఇంజనీరింగు కాలేజీవాళ్లు ఇచ్చిన చీటీలో "ముఖచిత్రాల సేకరణ" అనుంది. కంప్యూటరుకు మనుషులను గుర్తుపట్టడం నేర్పిస్తారంట, దానికి మన జిల్లా ముఖాలు కావాలంట. ముఖచిత్రమంటే మా వీధిలో పత్రిక అట్ట అనుకుంటారు. అందుకని ముఖాన్ని మా నోటికి తగ్గట్టు మొగం చేసినాను. పాతికేండ్లుగా మైకు ఎజ్రా అంటే నేనే. నా గొంతుకు బాకా అక్కర్లేదు, బాకాకే నేను కావాల.

మూడో వీధిలో బాలమ్మత్త చాట పక్కన పెట్టి ఆటోకు అడ్డమొచ్చింది.

"ఏమప్పా ఎజ్రా, మొగాళ్లు ఎందుకంట? ఊర్లో ఉండే మొగాళ్లతో పడేది చాలకనా?"

మాటను మెలిపెట్టడం నాకు జబ్బు. ఇంకొకరు మెలిపెడితే నాకు పండగ. అత్త నా మాట మీద మాట విసిరిందనుకున్నాను.

"గ్లాసిచ్చి మళ్లీ ఇంటికే తోలుతార్లే అత్తా."

ఆమె నవ్వింది. నేనూ నవ్వి ముందుకు పోయినాను. మరుసటి రోజు బడి కాడ రెండువందల ఎనభై మంది మొగాళ్లు గడ్డాలు గీసుకొని నిలబడినారు. ఆడోళ్లు ఏడుగురు, ఆ ఏడుగురూ ఆ బడి టీచర్లే. నేను జనాన్ని చూసి పొంగిపోయినానే గాని, జనంలో ఎవరున్నారో చూడలేదు.

నా భార్య అరుణకుమారి నంద్యాలలో ఒక విత్తనాల గోదాములో పదకొండేండ్లుగా పత్తి విత్తనాలు ఏరుతుంది. పోయిన నెల అక్కడ గేటు కాడ ఒక మిషను పెట్టినారు. మొగం చూపిస్తే పేరు పిలిచి తలుపు తీస్తుంది, హాజరు వేస్తుంది. మొదట్లో మూడు నాలుగు సార్లు పెడితే మా ఆమెను గుర్తుపట్టేది. ఒక సోమవారం మాత్రం మొగం చూపిస్తే, "స్వాగతం, కొండయ్య" అనింది.

కొండయ్య ఆ గోదాములోనే మూటలు మోసే హమాలీ. ఆయనకు మీసముంది, మా ఆమెకు లేదు. ఇంతకు మించిన తేడా కనిపెట్టడానికి కాలేజీ చదువు అవసరమా? ఆ వారం ఆయన పాణ్యంలో అత్తగారింట్లో పెండ్లికి పోయినాడు. మిషను లెక్కలో మాత్రం కొండయ్య రోజూ వచ్చినాడు, అరుణకుమారి ఒక్క రోజూ రాలేదు.

గురువారం సూపర్‌వైజరు శాంసన్ ఆమెను పిలిపించినాడు.

"అరుణక్కా, కొండయ్య హాజరు నువ్వెందుకేస్తాండావ్?"

"నేనేసేదేందప్పా? నా మొగం పెడితే అది వాని పేరు పిలుస్తాంది."

"మిషను తప్పు చెప్పదక్కా. మన జిల్లా మొగాలతోనే నేర్పినారు దానికి. దొంగ హాజరు వేస్తే పనిలోనుంచి తీసేయాల. శనివారం మేనేజరు వస్తాడు. ఆలోపల తప్పు రాసిచ్చి మర్యాదగా పో."

ఇంటికొచ్చిన మా ఆమె ఏడవలేదు. ఎర్రగడ్డలు తరుగుతూ కత్తిని పీట మీద దించే తీరు చూసి నేనే రెండడుగులు వెనక్కి జరిగినాను.

"పదకొండేండ్లు నా క్యారియరులో కూర తిన్నాడయ్యా వాడు," అనింది. "మిషనుకు నేను కొండయ్యనంటే సరే, దానికి కండ్లు లేవు. శాంసన్‌కు ఏం పుట్టింది?"

నాకు మంట నెత్తికెక్కింది. మనిషి, మిషను పలకడానికి దగ్గర మాటలే, అందుకని మనిషి మిషనై కూచుంటాడా? మన జిల్లా మొగాలతో నేర్పినారంట. ఆ మొగాలను పిలిచిన నోరు నాది. శుక్రవారం పొద్దున్నే నంద్యాల కాలేజీకి పోయినాను.

ఆ మిషనుకు చదువు చెప్పిన ప్రొఫెసరు లక్ష్మీనరసింహం. ఊరు అహోబిలం, అంటే మా పక్కాయనే. పక్కన హిమజ అని ఆయన దగ్గర పరిశోధన చేసే అమ్మాయి. ఆయన కుర్చీ వేయించి, గుర్తుపట్టడమే కాదు, మా కంప్యూటరు కొత్త మొగాలు కూడా పుట్టిస్తుందని మీట నొక్కినాడు. తెర మీద ఒక మనిషి వచ్చినాడు. అచ్చం దొర్నిపాడులో మా చిన్నాయన లాగుండాడు.

"ఈయన లోకంలో యాడా లేడు," అన్నాడు ప్రొఫెసరు గర్వంగా.

"ఒక ఆడమనిషిని చేయండి సార్."

నొక్కినాడు. నుదుట బొట్టు, ముక్కుకు పుడక, దాని కింద కొండయ్య దవడ, పెదవి పైన మీసం నీడ. హిమజ తల దించుకుంది.

"మా ఆడోళ్లు ఏరీ సార్ దీంట్లో?"

"రాలేదయ్యా. ఆ మాట వ్యాసంలో రాసినాం కూడా." కాగితం తీసి తెలుగులో చెప్పినాడు: "సంప్రదాయ కట్టుబాట్ల వల్ల ఈ ప్రాంత స్త్రీలు విముఖత చూపారు."

"విముఖతా? ముఖం లేకుండా చేసింది మీరు, విముఖత వాళ్లదా? ఒక్క ఆడమనిషిని అడిగినారా సార్, ఎందుకు రాలేదమ్మా అని?"

"అడిగేదేముంది, పల్లెల సంగతి తెలిసిందే కదా."

"మీ అహోబిలం పల్లె కాదా సార్? నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు ఒక బస్సు ఎక్కలేకపోయినారా? పరిశోధనంటే పరులకు శోధన అనుకున్నారా? మీరు అడగని ఒక్క మాటకు నా భార్య దొంగయింది."

ఆయన కండ్లజోడు తుడుచుకున్నాడు.

"ఏడుగురితో చాలదని నేను చెప్పినా సార్," అనింది హిమజ మెల్లగా. "రానోళ్లను ఏం చేస్తాం అన్నారు మీరు."

శనివారం గోదాము కాడికి ఇద్దరూ రావాలని చెప్పి తిరుగు బస్సెక్కినాను. దారంతా ఆ సారును తిట్టడానికి మాటలు నూరుకుంటానే ఉన్నాను. ఇంటికి పోకుండా నేరుగా బాలమ్మత్త దగ్గరికి పోయినాను.

"మీరంతా సిగ్గుపడి రాలేదని పుస్తకాల్లో రాసినారత్తా."

"సిగ్గా?" అత్త లేచి నిలబడింది. "మొగాళ్లు కావాలని మైకులో అరిచింది నువ్వు కాదా? వీధంతా ఇన్నాం. స్టీలు గ్లాసు కూడా మొగాళ్లకేనా అని వారం రోజులు తిట్టుకుంటిమి నిన్ను."

 ఆ రోజు అడిగింది తమాషాకు కాదన్నమాట. అత్త నిజంగా అడిగింది, నేను జోకుగా జవాబిచ్చినాను. నూరుకున్న తిట్లలో సగం నాకే మిగిలినాయి. తప్పంతా ప్రొఫెసరు మీద తోసేస్తే నా మైకుకు మచ్చ రాదు, కానీ ఆ సారు రాసిన సిగ్గు ఆడోళ్ల మీదే నిలిచిపోతుంది.

శనివారం గోదాము గేటు కాడ మేనేజరు, శాంసన్, ప్రొఫెసరు, హిమజ, పెండ్లి నుంచి తిరిగొచ్చిన కొండయ్య, నలభై మంది ఆడ కూలీలు. నేను బాలమ్మత్తను వెంటబెట్టుకొని, మైకుతో పోయినాను. అందరి ముందర మా ఆమె మొగం చూపించింది. "స్వాగతం, కొండయ్య." పక్కనే నిలబడిన కొండయ్య అదిరిపడి, "నేనీడుండా," అన్నాడు. తర్వాత బాలమ్మత్త పోయి నిలబడింది. ఆ గోదాములో ఏనాడూ పని చేయని మనిషి.

"స్వాగతం, శాంసన్."

మేనేజరు శాంసన్‌ను చూసినాడు. శాంసన్ నేలను చూసినాడు.

"నాకు మూడు సార్లు పెడితే గాని తలుపు తీయదు," అని వెనకనుంచి ఒకామె. "నాకూ అంతే," అని ఇంకొకామె. పని పోతుందని ఇన్నాళ్లూ ఎవరూ నోరు తెరవలేదు.

మా ఆమె శాంసన్ ముందర నిలబడింది. "నన్ను చూసి చెప్పప్పా. నేనెవరు?"

"అరుణక్కవి."

"ఆ మాట గురువారమే చెప్పింటే ఏం పోయేది?"

మేనేజరు మిషనుకు గోనెసంచి కప్పించి, హాజరు పట్టీలో వారం రోజులూ అరుణకుమారి పేరు తన చేత్తో రాసినాడు. ప్రొఫెసరు గొంతు సవరించుకొని, అసలు స్త్రీలు ఎందుకు రాలేదో తెలుసుకోవాలని ఉందన్నాడు. సంవత్సరం ఆలస్యంగా.

నేను మైకు పట్టుకున్నాను. "నేనరిచింది మొగాలు. మా ఆడోళ్లకు వినపడింది మొగాళ్లు. బాలమ్మత్త నన్నడిగింది, నేను ఎకసెక్కం అనుకున్నా. సార్ ఎవరినీ అడగలేదు, సిగ్గని రాసుకున్నాడు. మొగాళ్లతో నేర్పిన మిషను మొగాళ్లనే చూసింది. మా ఆడోళ్లు సిగ్గుపడలేదు సార్. సిగ్గుపడాల్సింది మనం."

కొండయ్య బుర్ర గోక్కున్నాడు. "అయితే అన్నా, మొగాలంటే మొగాళ్లు కాదా?"

నేను నోరు తెరిచేలోపల నలభై మంది ఆడోళ్లు చేతులు తమ చెంపలకు ఆనించి ఒక్కసారే చెప్పినారు.

"మొగాలంటే ఇవప్పా."