అక్క రక్తం

కొలెస్ట్రాల్ పరీక్షకు వాడే రసాయనం సీసా కొత్తది విప్పినప్పుడల్లా, ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తం తీసే ఆమె తన చెయ్యే చాపాల్సి వచ్చేది. అసలైతే మిషన్ సరిగ్గా చూపిస్తోందో లేదో తేల్చడానికి కంపెనీవాళ్లు పంపే నమూనా సీసాలున్నాయి. అక్క ఉండగా వాటిని కదపడమెందుకు అనేవాడు ల్యాబ్ సూపర్‌వైజర్. ఆమెకంటే మూడేళ్లు పెద్దవాడే, పని పడితే మాత్రం అక్కా అంటాడు. ఆమె చెడు కొలెస్ట్రాల్ ఎప్పుడు చూసినా రెండు వందల ముప్ఫైకి అటూ ఇటూగా ఉంటుంది. నూరు లోపు ఉండాల్సింది. ఆ అంకె వచ్చిందంటే మిషన్ బాగున్నట్టు లెక్క. అందరూ హమ్మయ్య అనుకుని పనిలో పడేవారు. పదకొండేళ్లుగా ఇదే తంతు. వాళ్లతోపాటు ఆమె కూడా హమ్మయ్య అనుకునేది, అదీ తమాషా.

ఇంట్లో లెక్కలు వేరు. భర్తకు నూట ముప్ఫై ఎనిమిది వచ్చిన నాడు ఇంటిల్లిపాదీ చప్పిడి తిండికి మారిపోయారు. ఆయన మాత్ర వేసుకున్నాడో లేదో చూడడం, పొద్దున్నే నడకకు లేపడం, వచ్చాక ఆ చెమట బట్టలు ఉతకడం ఆమె పనుల్లో చేరిపోయాయి. ఆమె తన అంకె చెబితే, ఆడవాళ్ల గుండెకేమవుతుందే, అది మా మగాళ్లందరికంటే ఎక్కువకాలం కొట్టుకుంటుంది అని నవ్వాడు. ఆమె కూడా మాత్రలు వాడి చూసింది. ఒక రకం పడకపోతే ఇంకో రకం. రెండూ తొడల్ని రోట్లో వేసి దంచినట్టు చేశాయి. మెట్లు ఎక్కలేక మధ్యలో కూలబడితే, పని ఉన్న రోజే వస్తాయేమమ్మా నీ నొప్పులు అని అత్తగారు ఆరా తీసేవారు. ఆ మాట పడలేక మాత్రలు మానేసింది. మానేసిందని ఎవరికీ తెలియలేదు కూడా. కాళ్లు మళ్లీ ఇంటిపని చేసిపెడుతున్నాయి, ఇంక అడిగేదేముంది?

ఆమె తల్లి యాభై ఒకటో ఏట పోయింది. వంటింట్లో నేల తుడుస్తూ వీపు పట్టేసిందంది, ఒళ్లంతా చెమటలు పట్టాయి. గ్యాస్ అన్నారు, సోడా తాగించారు. మిగిలిన నేల తుడిచాకే వెళ్లి పడుకుంది. మళ్లీ లేవలేదు. ఆమెకిప్పుడు నలభై ఎనిమిది. యాభై ఒకటిలోంచి తన వయసు తీసేసి చూసుకోని రోజు లేదు. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు.

ఒకరోజు ఆమె రక్తం తాలూకు కాగితం పై అంతస్తులో గుండె డాక్టరమ్మకు వెళ్లే రిపోర్టుల్లో కలిసిపోయింది. రోగి పేరుండాల్సిన చోట ‘మిషన్ చెక్’ అని ఉంది. మధ్యాహ్నం డాక్టరమ్మ ఆ కాగితం పట్టుకుని కిందికి దిగివచ్చి, ఈ మనిషెవరో నాకిప్పుడే కావాలంది. మనిషి కాదు మేడమ్, మిషన్ కోసం చేసిందండీ అని సూపర్‌వైజర్ నవ్వాడు.

"రక్తం మిషన్‌ది కాదు కదండీ," అంది డాక్టరమ్మ.

ఆమె బడిపిల్లలా చెయ్యెత్తింది.

పైన గదిలో తల్లి గురించి, మాత్రల గురించి, కాళ్ల గురించి అన్నీ అడిగి, కొంతమందికి ఆ నొప్పులు వస్తాయమ్మా, నువ్వు చెప్పేది నిజమే అంది డాక్టరమ్మ. ఆ ఒక్క మాటకే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత కొత్త మందు సంగతి చెప్పింది. కాలేయానికి చెడు కొవ్వును రక్తంలోంచి పట్టి లాగే చేతుల్లాంటివి ఉంటాయట. వాటిని పాడుచేసే ప్రోటీన్ ఒకటి ఉంటుందట. ఈ ఇంజెక్షన్ దాన్ని కట్టిపడేస్తుంది, చేతులు తమ పని తాము చేసుకుపోతాయి. పదిహేను రోజులకోసారి పొట్ట చర్మం కిందికి తనే పొడుచుకోవచ్చు. మానేస్తే మాత్రం మళ్లీ పెరుగుతుంది.

అంత ఖరీదు మందా, కాస్త నడిస్తే పోదూ అన్నాడు భర్త, రోజుకి తొమ్మిది గంటలు నిలబడి పనిచేసే మనిషితో. ఆమె తన జీతంతో తనే కొనుక్కుంది. మొదటి సూది తనే పొడుచుకుంది. ఇన్నేళ్లూ ఊరందరి చేతులకూ సూదులు గుచ్చిన మనిషి, తన కోసం గుచ్చుకోవడం ఇదే మొదలు.

మూడు నెలల తర్వాత కొత్త సీసా విప్పారు. అక్కా, చెయ్యి అన్నాడు సూపర్‌వైజర్. ఆమె చాపింది. తొంభై నాలుగు వచ్చింది. సీసా పాడైందన్నాడు. ఇంకోటి విప్పాడు, మళ్లీ తొంభై నాలుగే. గొట్టాలు కడిగించాడు, కంపెనీవాడికి ఫోన్ చేసి చెడామడా తిట్టాడు. ఆమె స్టూలు మీద కూర్చుని వేడివేడిగా టీ తాగుతూ ఆ హడావిడంతా చూసింది. అంత రుచైన టీ ఈమధ్య తాగలేదు. చివరికి గతిలేక కంపెనీ నమూనా సీసా విప్పితే, రావాల్సిన అంకె వచ్చింది.

"మిషన్‌కేం కాలేదండీ. నేనే బాగుపడ్డాను," అంది ఆమె. "రేపట్నించి ఆ సీసాలే వాడుకోండి, నా చెయ్యి ఇవ్వను."

సాయంత్రం భోజనాల దగ్గర ఆ అంకె చెప్పింది. అత్తగారు వినీ విననట్టు మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కున్నారు. భర్త సంతోషించాడు, పాపం, నిజంగానే సంతోషించాడు. తగ్గిపోయిందిగా, ఇంక ఆ సూదులు ఆపెయ్ అన్నాడు.

ఆమె తన కంచంలో తనే వడ్డించుకుంటోంది. గరిటె కింద పెట్టి ఆయన మొహంలోకి చూసింది.

"ఆపను. మా అమ్మకి యాభై రెండో ఏడు రాలేదు. నాకు కావాలి. అరవయ్యోదీ కావాలి, డెబ్భయ్యోదీ కావాలి. ఇవ్వమని నేనెవర్నీ అడగట్లేదండీ, తీసుకుంటున్నాను."